సరుగుడు తోట నుంచి మడ అడవి దాకా: ఏ పనికి ఏ డీఎన్‌ఏ పరీక్ష?

మా బావకి మలికిపురం అవతల, సముద్రం వైపు, ఎకరంన్నర ఇసుక భూమి ఉంది. మూడేళ్ల కిందట అందులో సరుగుడు వేశాడు. గింజ నారు కాదు, క్లోన్ మొక్కలని చెప్పి ఒక నర్సరీవాళ్లు ఇస్తే మామూలు మొక్కకంటే బాగా ఎక్కువే పెట్టి కొన్నాడు. రెండో ఏడు దాటాక నన్ను తోట చూడటానికి తీసుకెళ్లాడు. ఒక చెట్టు మెడ నొప్పెట్టేలా తలెత్తి చూడాల్సినంత పొడుగు, దాని పక్కది నా భుజం దాటలేదు. కొన్నింటికి కాయలు గుత్తులుగా దిగాయి. కొన్నింటికి మగపూత తప్ప ఒక్క కాయ లేదు.

"ఏం బావా, నాలుగు రెమ్మలు మీ ల్యాబ్‌కి పంపిస్తే వాడు నన్ను ముంచాడో లేదో తేలిపోద్ది కదా?" అన్నాడు.

తేలుతుంది. కానీ అది తేలడానికి ల్యాబ్ అక్కర్లేదు. క్లోన్ అంటే ఒకే చెట్టు కొమ్మల నుంచి తీసిన మొక్కలు. ఎకరంలో వెయ్యి ఉన్నా, జన్యువుల లెక్కలో అవన్నీ ఒక్క చెట్టే. నేల తేడా వల్ల పొడుగులో కొంత హెచ్చుతగ్గులు రావచ్చు గానీ, ఒకే మడిలో సగం చెట్లు కాయలు కాసి సగం చెట్లు మగపూతతో నిలబడితే అది ఒక్క క్లోన్ కాదు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. డీఎన్‌ఏ గురించి అడిగేవాళ్లందరికీ నేను ముందు చెప్పేది ఇదే: కంటితో తేలేదాన్ని కంటితో తేల్చండి. అక్కడ తేలనప్పుడే ఆకు కొయ్యండి.

ల్యాబ్‌లో కొన్నేళ్లు చెట్ల డీఎన్‌ఏ తీసిన అలవాటు వల్ల, కడియం వైపు నర్సరీవాళ్లూ, కోరంగి వైపు మడ మొక్కలు పెంచే కుర్రాళ్లూ, ప్రాజెక్టు చేసుకునే పీజీ పిల్లలూ నన్ను దాదాపు ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "జీనోమ్ టెస్ట్ చేయించాలి, ఏది మంచిది?" జీనోమ్ అంటే చెట్టులోని మొత్తం డీఎన్‌ఏ. ఈ ప్రశ్న మందుల షాపుకెళ్లి "మంచి బిళ్ల ఒకటివ్వండి" అన్నట్టుంటుంది. జబ్బేంటో చెప్తేగా!

చెట్టు ఇంటిపేరు తెలియాలంటే

అన్నిటికంటే తేలికైనది బార్‌కోడింగ్. ఆకులోని ఒకటి రెండు చిన్న డీఎన్‌ఏ ముక్కలను చదివి, అవి ఏ జాతివో పోల్చి చెప్పడం. 2009లో శాస్త్రవేత్తల అంతర్జాతీయ బృందం మొక్కలకు ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే రెండు ముక్కలను ప్రామాణికంగా ఎంచింది. తర్వాత ఐటీఎస్ అనేదాన్నీ కలుపుకుని వాడుతున్నారు. మహాగని పేరుతో లారీడు మొక్కలు దిగాయి, అవి అమెరికా ఖండపు అసలు మహాగనా, ఆఫ్రికా ఖాయా జాతా అని అనుమానం వస్తే బార్‌కోడింగ్ సరిపోతుంది. ఆ రెండూ వేరు ప్రజాతులు కాబట్టి తేడా స్పష్టంగా పట్టుబడుతుంది. కవరు మొక్కగా ఉన్నప్పుడు ఆకు చూసి చెప్పడం అలవాటు లేనివాళ్లకు కష్టమే.

అయితే బార్‌కోడ్ చెప్పేది ఇంటిపేరు మాత్రమే, మనిషి పేరు కాదు. పైగా ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే రెండూ ఆకుపచ్చదనాన్నిచ్చే హరితరేణువులోవి. పూసే మొక్కల్లో ఎక్కువ శాతం అది తల్లి వైపు నుంచే వస్తుంది. సంకర మొక్కను ఈ రెండింటితోనే చూస్తే తల్లి జాతి పేరొక్కటే బయటికొస్తుంది, తండ్రి మాయమైపోతాడు. కోయంబత్తూరులోని అటవీ జన్యు, వృక్ష ప్రజనన సంస్థ (ఐఎఫ్‌జీటీబీ) విడుదల చేసిన సీహెచ్-1, సీహెచ్-5 లాంటి సరుగుడు రకాలు రెండు జాతులను కలిపి తీసిన సంకరాలు. వాటిని బార్‌కోడింగ్‌కి పంపితే డబ్బు తగలేసినట్టే. మడల్లోనూ ఇదే చిక్కు. తమిళనాడు పిచ్చావరంలో రెండు పొన్న (రైజోఫోరా అనే మడ చెట్టు) జాతుల మధ్య సహజంగా పుట్టిన సంకరం ఉంది. అలాంటివాటిని తేల్చాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి వాటా కనిపించే కేంద్రకపు డీఎన్‌ఏ చూడాలి.

ఇంకోమాట. కోసేసిన దుంగ నుంచి డీఎన్‌ఏ రాబట్టడం ఆకు నుంచి తీసినంత సులువు కాదు. పాత చెక్కలో అది ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది. చెట్టు నిలబడి ఉండగానే ఆకు దాచుకోండి.

ఇది ఆ క్లోనేనా, కాదా

నర్సరీవాళ్లకు నిజంగా పనికొచ్చేది వేలిముద్ర పరీక్ష. చెట్టు డీఎన్‌ఏలో అక్కడక్కడ రెండు మూడు అక్షరాలు (డీఎన్‌ఏను రాసే ఏ, టీ, జీ, సీల్లోంచి) నత్తి వచ్చినట్టు మళ్లీ మళ్లీ వస్తుంటాయి: జీఏజీఏజీఏజీఏ అని. ఒక చెట్టులో అది పన్నెండుసార్లు ఉంటే ఇంకోదాంట్లో పదిహేడుసార్లు ఉంటుంది. వీటిని ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లు అంటారు. ఇలాంటివి పది పన్నెండు చోట్ల, బాగా తేడాలు చూపేవి ఎంచుకుని లెక్కపెడితే, చుట్టరికం లేని రెండు చెట్లకు అన్నిచోట్లా ఒకే లెక్క కుదరడం దాదాపు జరగని పని. అన్నీ కలిశాయంటే ఒకే క్లోన్ అని అర్థం.

దీనికి పోటీ స్నిప్‌లు. ఒక చోట ఒక్క అక్షరం తేడా, అంతే. ఒక్కొక్కటి చెప్పేది చాలా తక్కువ కాబట్టి ఎక్కువ సంఖ్యలో చూడాలి. అయినా వాటికో పెద్ద సుగుణం ఉంది. ఎస్‌ఎస్‌ఆర్ పొడుగును ఒక ల్యాబ్ 182 అక్షరాలని చదివితే ఇంకో ల్యాబ్ 184 అని చదవొచ్చు, రెండు లెక్కలను పక్కపక్కన పెట్టాలంటే తలనొప్పి. స్నిప్‌లో ఆ గోల లేదు. ఏ అక్షరమో అదే, ఏ ల్యాబ్‌లో చూసినా అదే.

నా ఎంపిక ఇలా ఉంటుంది. ఒక్కసారి గొడవ తేల్చుకోవాలంటే ఎస్‌ఎస్‌ఆర్ చాలు. ఏటా వేలాది క్లోన్ మొక్కలు తీసి అమ్మే నర్సరీ అయితే మొదట్లో ఖర్చనిపించినా చిన్న స్నిప్ ప్యానెల్ (ఎంచి పెట్టుకున్న స్నిప్‌ల జట్టు) చేయించుకోవడం మేలు, పదేళ్ల తర్వాత కూడా ఆ రికార్డు పనికొస్తుంది. కానీ దేనికైనా ఒక షరతు ఉంది. పోల్చడానికి అసలు తల్లి మొక్క ఆకు కావాలి. మా బావ తోట ఆకులు ఎన్ని పంపినా "ఇవి ఒకదానికొకటి వేరు" అని తెలుస్తుంది గానీ, "ఇది సీహెచ్-5 కాదు" అని చెప్పాలంటే నమ్మకమైన సీహెచ్-5 ఆకు పక్కన ఉండాలి. విడుదల చేసిన సంస్థ దగ్గరి నుంచి తెచ్చిన మొక్కకే మొదటి వేలిముద్ర తీయించండి. మీ మదర్ బెడ్‌లో (తల్లి మొక్కల మడిలో) ఎప్పుడో కలిసిపోయినదాన్ని ప్రమాణంగా పెట్టుకుంటే తప్పు మీదే స్థిరపడిపోతుంది.

క్లోన్ నిజమైనదే అని రిపోర్టు వచ్చిందనుకోండి. ఊరంతా అదే వెయ్యొచ్చా? జామాయిల్ తోటలు చూసినవాళ్లు ఆ పని చెయ్యరు. 2000 తర్వాత దక్షిణాదిలోకి గాల్ కందిరీగ వచ్చినప్పుడు ఆకు ఈనెలు, కాడలు బుడిపెలు కట్టి లేత మొక్కలు ఎదగకుండా పోయాయి. కొన్ని క్లోన్లు తట్టుకున్నాయి, కొన్ని మడులకు మడులే కుంగిపోయాయి. సరుగుడుకి బెరడు బొబ్బల తెగులు అనే బూజు జబ్బు ఉంది, ఒక క్లోన్ దానికి లొంగేదైతే మడి మొత్తం ఒకేసారి లొంగుతుంది. అందుకని వేలిముద్ర పరీక్షను "ఇది అదే" అని తేల్చుకోవడానికే కాదు, "నా దగ్గరున్న నాలుగు రకాలూ నిజంగా నాలుగేనా" అని తేల్చుకోవడానికి కూడా వాడండి. పేర్లు నాలుగు, మొక్క ఒకటే అయిన నర్సరీని నేను చూశాను.

మడ గింజలు ఏ చెట్ల కింద ఏరాలి

ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. కలప తోటలో మంచి చెట్టును ఎంచుకుని దాన్నే పెంచుతాం. మడ అడవిని నిలబెట్టేటప్పుడు "మంచి చెట్టు" అనే మాటే ప్రమాదం. గౌతమి పాయ మొగ దగ్గర ఆగస్టులో వరద నీళ్లు తియ్యగా దిగుతాయి, మే నెలలో అదే బురద ఎండి ఉప్పు పేరుతుంది. ఈ ఏడు నిగనిగలాడిన చెట్టు పదేళ్లలో వచ్చే ఉప్పుకి నిలబడుతుందని ఎవరూ చెప్పలేరు. అందుకని రకరకాల చెట్ల పిల్లలు కలిసి ఉండాలి.

కుర్రాళ్లు ఏం చేస్తారంటే, పడవ ఆగే రేవు పక్కనున్న రెండు మూడు పెద్ద మడ చెట్ల కింద గోనెడు గింజలు ఏరుకొచ్చి కవర్లలో పెట్టేస్తారు. తప్పు వాళ్లది కాదు, బురదలో మోకాలి దాకా దిగి నడవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఆ వెయ్యి మొక్కలూ ఇద్దరు ముగ్గురు తల్లుల పిల్లలు. రేపు అవి ఒకదానితో ఒకటే పరాగం మార్చుకుంటాయి.

మరి ఎన్ని చెట్ల నుంచి తియ్యాలి? 30 అని సాధారణంగా చెప్తుంటారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూడండి. ప్రతి చెట్టులో ఒక్కో జన్యువుకు రెండు కాపీలుంటాయి, 30 చెట్లంటే 60 కాపీలు. ఆ అడవిలో నూటికి 5 కాపీల్లో మాత్రమే కనిపించే అరుదైన రూపం ఒకటుందనుకుందాం. ఒక కాపీ చూస్తే అది దొరక్కపోయే అవకాశం 0.95. అరవై సార్లూ దొరక్కపోయే అవకాశం కావాలంటే 0.95ని 60 సార్లు గుణించాలి. ఫోన్‌లో కొట్టి చూడండి, సుమారు 0.046 వస్తుంది. అంటే 30 చెట్లుంటే నూటికి 95 పాళ్లు ఆ అరుదైన రూపం మన చేతికి చిక్కినట్టే. పది చెట్లతో సరిపెట్టుకుంటే 20 కాపీలే, తప్పిపోయే అవకాశం 0.36కి పోతుంది. ఈ లెక్కంతా ఆ చెట్లు ఒకదానికొకటి చుట్టాలు కానప్పుడే నిజం. అందుకే చెట్టుకీ చెట్టుకీ మధ్య కనీసం 50 మీటర్లు, వీలైతే 100 మీటర్లు వదలమంటారు. వేర్వేరు ఉప్పుటేళ్ల గట్ల నుంచి ఏరితే ఇంకా మంచిది.

ఇది పాటిస్తే చాలాచోట్ల డీఎన్‌ఏ పరీక్షే అక్కర్లేదు. ఇది నా అభిప్రాయం, ల్యాబ్ స్నేహితులకు నచ్చదు. పరీక్ష నిజంగా అవసరమయ్యేది రెండు చోట్ల. ఒకటి, అడవి ముక్కలైపోయి మిగిలిన తోపు చిన్నదైనప్పుడు: ఆ మిగిలిన చెట్లన్నీ చుట్టాలేనా, బయటి గింజ తేవాలా అని. రెండు, కృష్ణా డెల్టా నుంచో ఒడిశా నుంచో మొక్కలు తెస్తామని ఎవరైనా ముందుకొచ్చినప్పుడు: అక్కడి మడలూ ఇక్కడి మడలూ ఎంత కలిసున్నాయి, ఎంత విడిపోయాయి అని. ఈ రెండు ప్రశ్నలకూ నేను పది ఎస్‌ఎస్‌ఆర్‌ల మీద ఆధారపడను. మడ జాతుల్లో వైవిధ్యం తరచుగా తక్కువగానే కనిపిస్తుంది, పది చోట్ల చూస్తే అన్నీ ఒక్కలాగే ఉన్నాయనే పొరపాటు పడొచ్చు. జీనోమ్ అంతటా వేల స్నిప్‌లను ఒకేసారి చూసే జీబీఎస్ లాంటి పద్ధతి ఇక్కడ సరైనది. ముందుగా మార్కర్లు తయారు చేసుకోవాల్సిన పని కూడా ఉండదు.

మూడో ప్రశ్న ఒకటి తరచుగా వస్తుంది: "మొక్కలు చచ్చిపోతున్నాయి, జన్యువుల్లో లోపమేమో చూడండి." కాదండీ. ఆటుపోట్లు అందని పల్లంలో నీరు నిలిచి, ఎండకి ఉప్పు గట్టిపడితే ఏ జన్యువూ కాపాడదు. ఎంఎస్ స్వామినాథన్ పరిశోధన సంస్థ గోదావరి, కృష్ణా డెల్టాల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీళ్లు లోపలికి వచ్చి వెళ్లేలా చేశాకే పాడైన మడ భూముల్లో మొక్కలు నిలబడ్డాయి. అలాంటిచోట డీఎన్‌ఏకి పెట్టే డబ్బుతో కాలువ పూడిక తీయించండి.

పూర్తి జీనోమ్ చదివించడం

చదువుకునే పిల్లలకు దీని మీద మోజు ఎక్కువ. 2006లో పోప్లార్ చెట్టు జీనోమ్ వచ్చింది, చెట్లలో అదే మొదటిది. 2014లో జామాయిల్‌ది వచ్చింది, సుమారు 64 కోట్ల అక్షరాలు. పైన్ చెట్టుది అంతకు ముప్ఫై రెట్లకు పైనే, 2,200 కోట్లు, మనిషి జీనోమ్‌కి ఏడు రెట్లు. మన డెల్టా మడ (అవిసెన్నియా మరైనా) జీనోమ్‌ని 2021లో భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, తమిళనాడు ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించారు. సుమారు 46 కోట్ల అక్షరాలు, 31 క్రోమోజోములు. టేకుది, శ్రీగంధానిది 2018లో, సరుగుడుది 2019లో వచ్చాయి.

కాబట్టి "కోరంగి మడ జీనోమ్ మొదటిసారి చదువుతాం" అని ప్రపోజల్ రాయాలనుకుంటే ఆగండి. ఉన్న జీనోమ్‌ను ఆధారంగా పెట్టుకుని వంద చెట్లను పలచగా (ఒక్కో అక్షరాన్ని కొద్దిసార్లే) చదవడం, ఒక్క చెట్టును మళ్లీ లోతుగా చదవడం కంటే ఎన్నో రెట్లు ఉపయోగం. ఎవరూ ముట్టుకోని జాతి అయితే వేరే మాట.

ఆ మడ జీనోమ్ మీద మనకు ఆసక్తి ఎందుకుండాలంటే, ఆకు మీద చెయ్యి పెట్టి చూడండి. ఎండవేళ ఆకుపైన సన్నటి పలుకులు గరగరలాడతాయి, నాలుకకి తగిలిస్తే ఉప్పు. వేళ్లు కొంత ఆపగా మిగిలి లోపలికొచ్చిన ఉప్పును ఆకు గ్రంథుల్లోంచి బయటికి కక్కేస్తుంది. ఆ పని చేయించే జన్యువులేవో తెలిస్తే వరికి పనికొస్తాయని చాలాకాలంగా ఆశ. స్వామినాథన్ సంస్థలోనే మడ నుంచి తీసిన ఒక జన్యువును బాస్మతి వరిలో పెట్టి, ఉప్పును ఎక్కువ తట్టుకుందని 2008లో ప్రచురించారు. చౌడు బారిన చివరి ఆయకట్టు రైతుకి అది ఇంకా అందలేదు.

జాతకం చూసి మొక్కను ఎంచడం

జీనోమిక్ సెలెక్షన్ అనేది పెద్ద కంపెనీల, పెద్ద సంస్థల ఆట. కొన్ని వందల చెట్లను పెంచి, కొలిచి, వాటి స్నిప్‌లన్నీ చదివి, ఏ అక్షరాలున్న చెట్టు ఎలా పెరిగిందో కంప్యూటర్‌కి నేర్పిస్తారు. తర్వాత మొలక ఆకు చూసి "ఇది బాగా పెరుగుతుంది" అని జాతకం చెప్పించడం. ఏళ్ల తరబడి ఎదురుచూడక్కర్లేదు, అదీ లాభం. బ్రిటన్‌లో యాష్ చెట్లను చంపేస్తున్న బూజు జబ్బు మీద 1,250 చెట్ల డీఎన్‌ఏతో 2019లో ఇలాంటి పని చేశారు, ఏవి తట్టుకుంటాయో ముందే చెప్పొచ్చని చూపించారు.

కానీ జాతకం తెలిసిన కుటుంబానికే కుదురుతుంది. నేర్పించిన చెట్లకు చుట్టాలు కాని మొక్కల మీదా, ఆ నేల కాని నేల మీదా ఆ లెక్క గురి తప్పుతుంది. కోస్తా ఇసుకలో నేర్పింది మెట్ట ఎర్రనేలకి పనికిరాదు. పైగా సరుగుడు మూడు నాలుగేళ్లకే కోతకొచ్చే పంట, టేకులా ముప్ఫై ఏళ్లు కాదు. కాలం మిగిలేది తక్కువ కాబట్టి లాభమూ తక్కువే. ఎవరైనా చిన్న నర్సరీకి దీన్ని అంటగట్టాలని చూస్తే "మీరు నేర్పించిన చెట్లు ఎక్కడున్నాయి, నేను వెళ్లి చూడొచ్చా?" అని ఒక్క ప్రశ్న అడగండి.

జన్యువు మార్చిన చెట్ల సంగతి మన దగ్గర ఇప్పుడు ఎంచుకునే వస్తువే కాదు. బ్రెజిల్ 2015లో జన్యుమార్పిడి జామాయిల్‌కి అనుమతిచ్చింది. మన దేశంలో పరాయి జన్యువు మిగలని కొన్ని జీన్ ఎడిటింగ్ పంటలకు 2022లో నిబంధనలు సడలించారు, 2025లో సాంబ మసూరి నుంచి హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ తీసిన 'కమల' కూడా బయటికొచ్చింది. అది వరి. ఏటా కొత్తగా నాటే వరికి, గాలికి పుప్పొడి ఎగరేస్తూ ఏళ్ల తరబడి నిలబడే సరుగుడుకి ఒకే కొలత పెట్టలేం.

ఆకు పంపే ముందు

ఇన్ని పద్ధతుల్లో ఏది ఎంచుకున్నా, చెడేది ఎక్కువగా ఆకు దగ్గరే. తడి ఆకుల్ని పాలిథిన్ కవర్లో మూటగట్టి కొరియర్ చేస్తే, ల్యాబ్ చేరేసరికి పులిసి ఉంటుంది. మడ, పొన్న ఆకుల్లో టానిన్లూ జిగురూ ఎక్కువ. సరిగ్గా ఆరకపోతే ట్యూబులో కాఫీ డికాక్షన్ రంగు దిగుతుంది, ఆ రంగున్న డీఎన్‌ఏతో ఏ యంత్రమూ పనిచెయ్యదు. నేను వారం రోజుల పని అలా పారబోసుకున్నాను. లేత ఆకులు రెండు తీసుకుని, పైనున్న ఉప్పును తడిగుడ్డతో తుడిచి, చిన్న కాగితపు కవర్లో పెట్టి, ఆకు బరువుకి కనీసం పదింతల సిలికా జెల్‌లో ముంచండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మార్చండి. ఆకు అప్పడంలా విరిగితే ఆరినట్టు. ఒకటి పంపి, రెండోది ఇంట్లో దాచుకోండి. మడ అడవుల్లో ఉండే తిల్ల చెట్టు ఆకు తుంచేటప్పుడు మాత్రం జాగ్రత్త, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. కోరంగి అభయారణ్యం లోపల అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క ఆకు కూడా కొయ్యొద్దు. చెట్ల జన్యు పరీక్షల గురించి అడగాలంటే కోయంబత్తూరు సంస్థ, హైదరాబాద్ దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ తగిన చోట్లు.

కవర్ మీద పేరు పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఉప్పునీటికి చెరిగిపోతుంది. పేర్లు తారుమారవడం చిన్న విషయమనుకోకండి. అమెరికాలో చెస్ట్‌నట్ చెట్టును బూజు జబ్బు నుంచి కాపాడటానికి గోధుమ జన్యువు పెట్టి డార్లింగ్-58 అనే రకం తయారు చేశారు. ఏళ్ల తరబడి పెంచింది అసలు అది కాదనీ, డార్లింగ్-54 అనే వేరే రకమనీ చివరికి బయటపడింది. 2023 డిసెంబరులో అక్కడి చెస్ట్‌నట్ ఫౌండేషన్ ఆ చెట్టుకు మద్దతు ఉపసంహరించుకుంది.

అంతటివాళ్లకే అలా జరిగింది కాబట్టి, ల్యాబ్‌కి ఇరవై కవర్లు పంపేటప్పుడు ఒకే చెట్టు ఆకును రెండు వేర్వేరు పేర్లతో వాటిలో కలిపేయండి. ఆ రెండు కవర్లూ ఏవో ల్యాబ్‌కి చెప్పకండి. రిపోర్టులో ఆ రెండూ ఒకటే అని వస్తే మిగిలిన పద్దెనిమిదీ చదవండి. రాకపోతే ఫోన్ చేసి, ప్రతి చెట్టు నుంచి ఇంట్లో దాచుకున్న రెండో ఆకును మళ్లీ పంపండి.